ఆరు చిన్న గ్లాసులు, ఒక ఇనుప బాండ్లి

నా డైరీల్లో బీరు గురించి ముప్పై ఏళ్లపాటు రెండే మాటలు ఉన్నాయి. ఒకటి "చల్లగా ఉంది". రెండోది "చల్లగా లేదు". మూడో మాటతో పని పడుతుందని నేనెన్నడూ అనుకోలేదు.

పావగడ తాలూకాలో ఒక భాగమైన నాగలమడిక హోబళిలో వ్యవసాయ శాఖ సహాయకుడిగా పని చేసినన్నాళ్లూ వాన ఎంత పడిందో, వేరుశెనగకు ఏ తెగులు తగిలిందో, ఉదయం బస్సు ఎంత ఆలస్యమైందో రోజూ రాసుకున్నాను. రిటైరయ్యాక కూడా అది మానలేకపోయాను. నెలకొక ఆదివారం పావగడకు పోయి ఒక బీరు సీసా పాత పేపరులో చుట్టి తెచ్చుకుని, పొద్దు వాలుతుండగా మిద్దె మీద కూర్చుని తాగేవాణ్ణి. ఒకటే సీసా. దాని రుచి ఏమిటని ఎవరైనా అడిగి ఉంటే నాకు నవ్వు వచ్చేది. బీరుకు బీరు రుచి కాక ఇంకేముంటుంది?

మా ఇంటామె వేయించిన వేరుశెనగ గింజలు ఒక ప్లేటులో తెచ్చి నా పక్కన పెట్టేది. పెడుతూ ప్రతి నెలా ఒకటే మాట అనేది.

"చూసేదానికే గుర్రం ఉచ్చ మాదిరి ఉండాది. ఎట్ల తాగుతావప్పా దీన్ని?"

"కండ్లు మూసుకుని తాగుతాను."

"ముక్కు కూడా మూసుకో."

ఆమెకు ముక్కే ముఖ్యం. వరండాలో కూర్చున్న మనిషి పాలు పొంగకముందే లేచి వంటింట్లోకి పోయేది. మూత తీయకుండానే నెయ్యి కాగిందో లేదో చెప్పేది. బడి నుంచి వచ్చిన కూతురి తల మీద చేయి వేసి, జ్వరం రాబోతోందని ఒక పూట ముందే అనేది. అది కూడా వాసనేనని చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

ఆ ముక్కుతో ఆమె చేసిన అసలు పని రాగి మాల్టు. మా పక్క మాల్టు అంటే రాగి మాల్టే. పసిబిడ్డకు ఆరో నెల నిండితే పెట్టే మొదటి తిండి, జ్వరం దిగినవాళ్లకు ఇచ్చే మొదటి గ్లాసు. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూట కట్టి, మొలకలు వచ్చాక నీడలో ఆరబోసి, నలిపి చెరిగి, ఇనుప బాండ్లిలో సన్నని మంట మీద వేయిస్తుంది. తర్వాత మరలో పిండి పట్టించి, జల్లించి డబ్బాలకు ఎత్తుతుంది. ఎంతసేపు వేయించాలని అడిగినవాళ్లకు ఆమె ఏనాడూ సరైన జవాబు చెప్పలేదు. "వాసన వచ్చినప్పుడు దించేదే" అనేది. ఏ వాసన అంటే, "వస్తాది కదా, అదే" అనేది. బలసముద్రం నుంచి, వల్లూరు నుంచి కూడా బిడ్డతల్లులు వచ్చి డబ్బాలు తీసుకుపోయేవాళ్లు. మా కూతురు పెరిగింది కూడా ఆ మాల్టుతోనే.

వల్లూరు పక్కన సోలార్ పార్కుకు కౌలుకిచ్చిన మా చేనులో ఇప్పుడు సోలార్ పలకలు వరుసగా ఉన్నాయి. వేరుశెనగ పీకే రోజుల్లో ఊరంతా కమ్మే మట్టివాసన అక్కడ ఇక లేదు. ఆమె మాత్రం ఇంటి వెనక నాలుగు గజాల నేలలో ఏదో ఒకటి మొలిపించుకుని, వంటింటి వాసనలతో తృప్తిగానే ఉండేది.

ఆ చలికాలంలో ఆమెకు జ్వరం వచ్చి పది రోజులకు తగ్గింది. ఆ తర్వాత ఒక ఉదయం నేను వరండాలో పేపరు చదువుతున్నాను. వంటింటి గుమ్మంలో నుంచి పొగ కనిపించింది. లేచి పరుగెత్తాను. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడి ఉంది. ఆమె పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉంది. గిన్నెను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నాకు తెలీలేదప్పా" అంది.

ఆ రోజు డైరీలో "పాలు మాడినవి" అని రాశాను. అంతే రాశాను. జరిగిందేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

వారం తిరక్కముందే పక్కింటి అమ్మాయి, సోలార్ పార్కులో పలకలు కడిగే పనికి పోయే ఆమె, జ్వరం తగ్గాక మా ఇంటామె చేసిచ్చిన మాల్టు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"పెద్దమ్మా, ఏమనుకోవద్దు. బిడ్డ ఉమ్మేస్తా ఉండాది. చక్కెర ఎక్కువేసినా తాగలే."

మా ఇంటామె ఒక చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. జ్వరంతో ముక్కు పోయినా నాలుకకు చేదు తెలుస్తుంది కదా. "మాడబెట్టినాను" అంది. ఆ అమ్మాయి వెళ్లాక బాండ్లి తోమి, గుడ్డతో తుడిచి, అటక మీద లోపలికి నెట్టేసింది. ఆ రోజు నుంచి తిండి కూడా తగ్గింది. కారం, పులుపు, ఉప్పు తెలుస్తాయట. మిగిలిందంతా మెత్తగానో గట్టిగానో ఉంటుందట. "పప్పయినా మట్టయినా ఒకటే" అనేది.

ఇవన్నీ ఎట్లాగో సర్దుకునేవి. సర్దుకోనిది ఒకటి ఉంది. బెంగళూరులో మా కూతురి బిడ్డకు అప్పటికి ఐదో నెల నడుస్తోంది. ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది.

"అమ్మా, వచ్చే నెల బిడ్డకు మాల్టు మొదలుపెట్టాల. ఎప్పుడు చేస్తావు?"

"అంగట్లో డబ్బాలు దొరుకుతాయి కదా, తెచ్చుకో."

అటునుంచి "సరేమా" అని మాత్రం వినిపించింది. ఫోన్ పెట్టేశాక మా ఇంటామె నా వైపు తిరగకుండానే అంది: "ఎవురెవురి బిడ్డలకో పెట్టినాను. నా మనవరాలికి అంగడి పిండి. బిడ్డ నోట్లో మాడింది పెట్టేదానికి నాకు చేతులు రావప్పా."

ముక్కు డాక్టరుకు చూపిద్దామని బెంగళూరుకు పోయాం. ఆయన మంచి మనిషి. తిరిగి రావచ్చు, నెలలు పట్టవచ్చు, రాకపోనూవచ్చు అని ఉన్నదున్నట్టు చెప్పాడు. తెలిసిన వాసనలను రోజూ పొద్దున, సాయంత్రం చూస్తూ ఉండమన్నాడు. కూతురు నాలుగు సీసాల్లో లవంగాలు, నిమ్మ తొక్క, కాఫీ పొడి, సోంపు వేసి పెట్టింది. మా ఇంటామె ఒక్కొక్కటి ముక్కు దగ్గర పెట్టుకునేది. "ఏముండాది, గాలి ఉండాది" అని మూత పెట్టేసేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం తల్లీ కూతుళ్లు బిడ్డతో పడుకున్నారు. అల్లుడు నన్ను బయటికి పిలిచాడు. అతనిది బలసముద్రమే. నగరంలో పన్నెండేళ్లున్నా మా మాట పోలేదు.

"రా మామా, నీకొక జాగా చూపిస్తాను. బీరు ఈడనే కాస్తారు, ఈడనే పోస్తారు."

"సీసా ఉండదా?"

"సీసా ఉండదు, పేపరు కూడా ఉండదు. చుట్టుకొని పోయేదానికి ఏమీ లేదు."

అద్దాల గోడ వెనక మనిషి కంటే ఎత్తైన స్టీలు డ్రమ్ములు ఉన్నాయి. ఒక చెక్కపలకకు గుంటలు తీసి, వాటిలో ఆరు చిన్న గ్లాసులు నిలబెట్టి తెచ్చారు. ఒకటి గడ్డి రంగు, ఒకటి మబ్బుగా పసుపు, ఒకటి తేనె రంగు, అట్లా పోయి చివరిది కాఫీ డికాక్షన్ అంత నల్లగా ఉంది. నేను జేబులో నుంచి చిన్న డైరీ తీశాను. ఆరు గీతలు గీసి, ఆరు అంకెలు వేశాను. అల్లుడు తలపట్టుకున్నాడు.

"మామా, పరీక్ష రాసేదానికి వచ్చినామా?"

బీరు తయారుచేసే ఆమె, నలభై ఏళ్ల మనిషి, నా గీతలు చూసి మా బల్ల దగ్గరకు వచ్చింది. కన్నడంలో ఒక్కో గ్లాసు గురించి చెప్పింది. రెండోది గోధుమలతో చేసింది, నాలుగోది చేదు ఎక్కువ, ఐదోది పులుపు. మూడో గ్లాసు చూపించి, "ఇందులో మాల్టు బాగా తెలుస్తుంది" అంది.

"పాలల్లో కలిపిందా, నీళ్లల్లోనా?" అని అడిగాను.

అల్లుడి నోట్లో ఉన్న బీరు ముక్కులోకి పోయింది. పక్క బల్ల వాళ్లు కూడా తిరిగి చూశారు. ఆమె మాత్రం నవ్వలేదు. మీ ఊళ్లో మాల్టు అంటే ఏమిటని అడిగింది. చెప్పాను: రాగులు నానబెట్టడం, మూట కట్టడం, మొలకలు, ఆరబోయడం, వేయించడం. వింటూ వింటూ ఆమె లేచి, నన్ను గోడ పక్క అల్మరా దగ్గరకు తీసుకుపోయింది. గాజు జాడీల్లో గింజలున్నాయి.

"ఇది బార్లీ. మేము చేసేదీ అదే. నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేయిస్తే మాల్టు. తక్కువ వేయిస్తే లేత బీరు, ఎక్కువ వేయిస్తే నల్ల బీరు."

రెండో జాడీ మూత తీసి నా ముందు పెట్టింది. ముక్కు పెట్టాను. మా వంటింటి గుమ్మం, పగలు పదకొండు గంటలు, బాండ్లిలో గరిటె చప్పుడు. నలభై ఏళ్లుగా ఆ వాసనలోనే కూర్చుని పేపరు చదివినవాణ్ణి, దాన్ని వాసన అని తెలుసుకున్నది ఆ అంగట్లో. మళ్లీ వంగి ముక్కు పెట్టాను. ఆమె జాడీ మూత పెట్టకుండా అట్లాగే పట్టుకుని నిలబడింది.

తిరిగి వచ్చి గ్లాసుల ముందు కూర్చున్నాను. డైరీలో ఏం రాయాలో తోచలేదు. "చల్లగా ఉంది" అని ఆరుసార్లు రాసేట్టున్నాను. ఆమె ఒక మాట చెప్పింది. "బీరు కోసం వెతకొద్దు. ఇలాంటిది మీ ఇంట్లో ఎక్కడ ఉందో వెతకండి." అప్పుడు కండ్లు మూసుకున్నాను.

ఆ పేజీ నా దగ్గర ఉంది. గోధుమ బీరు: అరటిపండ్ల గంప మీద గోనె తీసినట్టు, వెనక ఎక్కడో లవంగం. మూడోది: బెల్లం పాకం అంచు. నాలుగోది: మామిడికాయ జీడి, తర్వాత వేపచిగురు నమిలినట్టు చేదు. ఐదోది: మూడు రోజులు పులిసిన మజ్జిగ, చిటికెడు ఉప్పు. నల్లది: మాడీ మాడని కాఫీ గింజ. మొదటిదాంట్లో మాత్రం ఎంతకూ తెలియక, చివరికి "ధనియాలు?" అని రాసి ప్రశ్న గుర్తు పెట్టాను. నిజంగానే అందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారట. ఆ మాట వినగానే బడిలో మొదటి మార్కు వచ్చినంత సంతోషం కలిగింది.

సాయంత్రం ఇంటికి పోయాక మా ఇంటామె పక్కన కూర్చుని ఆ పేజీ చదివాను. ఆమె బిడ్డను తొడ మీద వేసుకుని ఊరికే వింటోంది. ధనియాల దగ్గర ఆపింది.

"వేంచిన ధనియాలా, పచ్చివి దంచినయా?"

"ధనియాలు ధనియాలే కదా."

"యాడ కదా! ఎన్నేండ్లు తాగినావు నా చేతి చారు? దాంట్లో యా ధనియాలు ఉంటాయో కూడా తెలీదా?"

నాకు తెలియదు. ఆ మాట ఒప్పుకున్నాను.

"పోయి చూసుకొని రా" అంది.

అల్లుడు కుర్చీలో నుంచి లేచాడు. "అత్తా, నువ్వే మామను బీరుకు పంపిస్తా ఉండావా?"

"బీరుకు కాదప్పా, ధనియాలు చూసేదానికి. బీరు దాంతోపాటు వస్తే నేనేం చేసేది?"

జ్వరం వచ్చినప్పటి నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి. కూతురు వంటింట్లో నుంచి తొంగిచూసింది.

అక్కడున్న పన్నెండు రోజుల్లో ఇంకా మూడుసార్లు పోయాను. ఎప్పుడూ చిన్న గ్లాసులే. పచ్చి ధనియాలు రోట్లో దంచిన వాసన అని తేల్చుకుని వచ్చాను. వచ్చిన ప్రతిసారీ మా ఇంటామె దగ్గర ఇంకో ప్రశ్న ఉండేది. పాకం అన్నావే, తీగ పాకమా, ముదురు పాకమా? కాఫీ అన్నావే, గింజ వేగేటప్పటిదా, పొడి డబ్బాదా? ముక్కులో ఏమీ పడకపోయినా ఏ వాసన ఏ వాసన పక్కన ఉంటుందో, ఏది ఏ నిమిషంలో ఏదిగా మారుతుందో ఆమెకు పూర్తిగా గుర్తుంది. నాకు వాసన తెలుస్తోంది కానీ దాన్ని ఏమనాలో తెలియడం లేదు. అట్లా అడుగుతూ, చెప్తూ, ఆమె ఒక రోజు రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఊరికి వచ్చిన మర్నాడు అటకెక్కి బాండ్లి దించాను.

"ఎవురు దించమన్నారు దాన్ని?"

"నువ్వు వేయించు. నేను వాసన చూసి చెప్తాను."

"నువ్వా? ఆ పొద్దు పాలు మాడితే, పొగ కండ్లకు కనపడినాక కదా నువ్వు లేచింది!"

అది నిజమే. కానీ బిడ్డకు ఆరో నెల నిండడానికి మూడు వారాలే ఉన్నాయి. ఆమె మూడు శేర్ల రాగులు నానబెట్టింది.

గింజ ఆరిన రోజు నేను పద్ధతిగా సిద్ధమయ్యాను. డైరీలో పేజీ నిలువునా గీశాను: ఒక వైపు నిమిషాలు, ఒక వైపు వాసన. గడియారం కిటికీలో పెట్టాను. ఆమె బాండ్లిలో సగం గింజలు పోసి గరిటె తిప్పుతూ ఉంది. నేను రెండు నిమిషాలకొకసారి వంగి వాసన చూసి, లేచి రాసుకుంటున్నాను. అంతా బాగానే పోయింది. పదకొండో నిమిషంలో బెల్లం పాకం వచ్చింది. సంతోషంగా "బెల్లం పాకం" అని రాసి, కింద గీత కూడా గీశాను. ఆ గీత పూర్తయ్యేలోపల గింజ ముదిరిపోయింది. చెప్పాల్సినవాణ్ణి రాస్తూ కూర్చున్నాను.

ఆమె రెండు గింజలు కొరికింది.

"మాడింది."

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గరిటె పక్కన పెట్టి, చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. "చాలింక. ఊరికే ఆశపడినాను. దానికి ఫోన్ చేసి చెప్పు, అంగడిదే తెచ్చుకోమని" అని వెనక వాకిట్లోకి పోయి కూర్చుంది.

నేను డైరీని, పెన్నును, గడియారాన్ని తీసుకుపోయి బీరువాలో పెట్టి తలుపు వేశాను. బాండ్లి తోమాను. సరిగా తోమలేదని ఆమె ఇప్పటికీ అంటుంది. పొయ్యి వెలిగించి, మిగిలిన సగం గింజలు పోశాను. గరిటె చప్పుడు విని ఆమె లోపలికి వచ్చింది.

"అట్ల తిప్పితే అడుగు మాడదా? తే ఇట్ల" అని గరిటె లాక్కుంది.

నేను పొయ్యి పక్కనే నిలబడ్డాను. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. ఏం చేయాలో తోచక వెనక్కి కట్టుకున్నాను.

"ఏం వాసన?"

"తడి గోనె."

"ఊ. ఇప్పుడు?"

"ఎండు గడ్డి."

"మధ్యాన్నం గడ్డా, పొద్దున గడ్డా?"

"మధ్యాహ్నం. బాగా ఎండింది."

"ఇప్పుడు?"

కండ్లు మూసుకున్నాను. "వల్లూరు చేన్లో కాయలు పీకి కుప్ప వేసినాక, పక్కన ఆకు కాల్చినామే, అట్ల."

గరిటె ఒక్క క్షణం ఆగింది. "తొక్క వాసనా, గింజ వాసనా?"

"తొక్క."

"ఇంకా కాలే. చెప్తా ఉండు, నోరు మూయొద్దు."

"గింజ. గింజ వచ్చింది. దాని వెనకాల బెల్లం. తీగ పాకం. ఇంకా తీగే. తీగే. ముదరబోతా..."

ఆమె చీర కొంగుతో బాండ్లి పట్టుకుని దించేసింది. గింజలు చేటలోకి పడ్డాయి. ఇద్దరమూ వాటి మీద వంగి నిలబడ్డాం. ఆమె రెండు గింజలు నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలింది. నేను ఆమె దవడ వైపే చూస్తూ ఉన్నాను.

"చేదు లేదు" అంది. ఇంకొక రెండు నమిలి, "కరకరమంటా ఉండాది" అంది. తర్వాత చేటను నా ముక్కు కిందికి తోసి, "ఏం వాసన?" అని మళ్లీ అడిగింది. ఈసారి పనికోసం కాదు. ఆమెకు తెలుసుకోవాలని ఉంది. నాకు వచ్చిన మాటలన్నీ చెప్పాను. చాలక మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆ రోజు డైరీ పేజీ ఖాళీగా ఉంది. నా జీవితంలో అట్లాంటి పేజీలు ఎక్కువ లేవు.

తర్వాతి ఆదివారం అల్లుడు వచ్చి డబ్బా తీసుకుపోయాడు. సోమవారం ఉదయం నుంచి ఆమె ఫోన్ పక్కనే ఉంది. కూరగాయలు అక్కడే తరిగింది. పదిన్నరకు ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టమని నాకు సైగ చేసింది.

"తాగిందా?" అంది ముందే.

"తాగింది మా. గిన్నె కూడా లాక్కున్నాది. ముక్కుకు, చెవులకు అంతా పూసుకున్నాది."

ఆమె కండ్లు మూసుకుంది. అంతలో కూతురు అంది: "అయితే అమ్మా, ఇది నీ మాల్టు మాదిరి లేదు. వాసన వేరేగా ఉండాది."

మా ఇంటామె ఫోన్ దగ్గరకు వంగింది.

"ఎట్ల ఉండాది? సరిగ్గా చెప్పు."

"కొంచెం బెల్లం మాదిరి. కొంచెం కాలిన మాదిరి, కానీ మాడలేదు. బాగుండాది మా. నీది కాదు, అంతే."

"ఉంటాది" అంది మా ఇంటామె. "దాంట్లో మీ నాయిన ముక్కు ఉండాది. బీరంగట్లో చదువుకొని వచ్చినాడు."

కూతురి నవ్వు ఫోన్లో చాలాసేపు వినిపించింది. ఆ నవ్వు మధ్యలో బిడ్డ ఏదో కేక వేసింది. మా ఇంటామె ఆ కేక అయిపోయేదాకా విని, ఫోన్ నాకిచ్చి, లేచి వెనక వాకిట్లోకి పోయి నీడలో గుడ్డ మీద మళ్లీ ఆరబోసిన మొలక రాగులను చేత్తో తడిమి చూసింది. అక్కడి నుంచే అరిచింది.

"రేపు పది గంటలకు యాడికీ పోవద్దు. ఇంకా మూడు శేర్లు ఉండాయి. ముక్కు బాగా చీదుకొని రా."